ఒక యిత్తడి మర కొఱకు

యాత్ర యనగానే మనకు మహానందియో, అహోబిలమో, దేవుని కడపయో జ్ఞప్తికి వచ్చును. ఈ వేసవి సెలవులలో నేను చేసిన ప్రయాణమున ఆ మూడు క్షేత్రములకు పోవు దారులును తగిలినవి గాని, ఒక్క గుడిమెట్టునయినను నేనెక్కలేదు. రూపాయి నాణెము కంటె కొంచెము పెద్దదియగు ఒక యిత్తడి మర కొఱకు కర్నూలు మొదలు కడప వఱకు తిరిగితిని. విన్నవారు నవ్విరి. మావారును మొదట నవ్వినవారే.

నా తప్పు ముందుగా చెప్పుకొనెదను. మా నాయనగారు వడ్రంగులు. మైదుకూరునకు సమీపమున నొక పల్లెలో ఏబదియేండ్లకు పైగా తలుపులు, ద్వారబంధములు, నాగళ్లు, తొట్టెలు చేసిరి. నేను బడికి పోయిన దినములు తక్కువ. నాకు చదువు చెప్పినది వారే. వేపచెట్టు క్రింద వారు చిత్రిక పట్టుచుండగా, రాలిన పొట్టులో కూర్చుండి నేను అమరమును, పిదప భారతమును వల్లించెడిదానను. పాదమున కొక తోపు. తోపు నిలిచినదనిన నేను తప్పితినని యర్థము. వడ్రంగి యను మాట సంస్కృతమందలి వర్ధకి శబ్దమునుండి వచ్చినదని చెప్పి, మనది దొంగ మాట కాదమ్మా అని నవ్వెడివారు.

గత దసరాకు పుట్టింటికి పోయితిని. ఆయుధపూజకై నాయనగారు తమ యినుప చిత్రికను విప్పి, భాగములన్నిటిని తుడిచి, గోనెపట్టమీద పరచి స్నానమునకు పోయిరి. పండుగ తొందరలో నేను పొట్టునంతయు చీపురుతో కూడదీసి నీళ్లపొయ్యిలో వేసితిని. పొట్టుతో బాటు ఇత్తడి మరయు పోయినది. బూడిద చల్లారిన పిదప వెదకితిమి, దిబ్బను జల్లించితిమి, కనబడలేదు. నాయనగారు నన్నొక్క మాటయు ననలేదు. మర లేని చిత్రికకే కుంకుమ పెట్టి, పాతపంచెలో చుట్టి, అటకమీద నుంచిరి.

సంక్రాంతి నాటికి మా చెల్లెలు గర్భవతి యని తెలిసినది. తొట్టె ఎప్పుడు మొదలుపెట్టెదరని నాయనగారి నడిగితిని. "మీ తమ్ముని కరెంటు మిషను ఉందిగదమ్మా, వాడు చేస్తాడులే" అనిరి. మా యింట పుట్టిన ప్రతి బిడ్డయు వారు చేసిన తొట్టెలోనే ఊగినది. నా కూతురును అంతే. అట్టివారు ఆ మాట యనినప్పుడు ఎదుట నిలువలేక వంటయింటిలోనికి పోయితిని. మరునాడు ఆ చిత్రికను నాతో కర్నూలునకు తెచ్చుకొంటిని.

చిత్రికను మా వైపు తోపడా యనియు, ఉర్దూ మాటలాడు పనివారు రందా యనియు పిలుతురు. పనిముట్టు మిక్కిలి ప్రాచీనమయినది. క్రీ. శ. 79 లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన రోమకుల పాంపే పట్టణపు త్రవ్వకములలో కూడ చిత్రికలు దొరకినవి. మన నాటు చిత్రికలో మూడే భాగములు: కఱ్ఱ దిమ్మె, ఇనుప ఆకు, ఆకును బిగించు చీల. దిమ్మె పగిలినచో పొలముగట్టున నల్లతుమ్మ కలదు. చీల పోయినచో కన్నుమూసి తెఱచులోపల చెక్కుకొనవచ్చును. ఆకు అరిగినచో వీథిచివర కమ్మరి కలడు. నాటు చిత్రికకు విడిభాగములు చెట్టునే కాయునని నాయనగారి మాట.

ఇనుప చిత్రిక కథ వేఱు. అమెరికా దేశస్థుడగు లియొనార్డ్ బెయిలీ దాని మాదిరిని కల్పించెను. 1869 లో స్టాన్లీ కంపెనీవారు ఆతని హక్కులను కొని లోకమంతటికి పంపిరి. మా తాతగారు గుంతకల్లులో రైలుపెట్టెల కఱ్ఱపని చేసిన యొక మేస్త్రివద్ద దీనిని కొనిరట. స్టాన్లీవారి 5వ సంఖ్య చిత్రిక. 14 అంగుళముల పొడవు, రెండు కిలోలకు మించిన బరువు, 2 అంగుళముల వెడల్పుగల ఆకు. నాటు చిత్రికలో ఆకును దింపవలెనన్న సుత్తితో తట్టవలెను. తట్టుట ఎక్కువయినచో మరల వెనుకకు తట్టవలెను. దీనిలో నట్లు గాక, పిడి ముందరనున్న ఇత్తడి మరను చూపుడువ్రేలితో ఇసుమంత త్రిప్పినచో ఆకు కాగితపు మందములో పదవవంతు దిగును. పట్టినవాడు చేయి తీయకయే పని సాగించును. ఆ మర లేనిచో మిగిలినదంతయు ఇనుపదిమ్మె.

అందులో నొక చిక్కు కలదు. మన సీసామూత గాని కుళాయి గాని కుడివైపు త్రిప్పిన బిగియును. ఈ మర తద్విరుద్ధము, ఎడమవాటపుది. తొలినాటి చిత్రికలలో అది మామూలు వాటముననే యుండెడిది. కుడికి త్రిప్పిన ఆకు పైకి పోయెడిది. కుడికి త్రిప్పినప్పుడు ఆకు దిగుటయే చేతికి సహజమని యెంచి, కంపెనీవారు తరువాత మార్చిరి. ఈ సంగతి నాకు మొదట తెలియదు. తెలిసి యుండినచో ఇంత ధైర్యముగా బయలుదేఱి యుండనేమో!

కర్నూలులో కొండారెడ్డి బురుజునకు సమీపమున పాత ఇనుపసామానుల అంగళ్లు కలవు. 1953 నుండి 1956 వఱకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నుండిన యూరు గదా, ఒక మర దొరకదా యని నా ఊహ. మొదట దొరకినది ఆకు. మా చిత్రిక ఆకు నూఱి నూఱి అర యంగుళము మాత్రమే మిగిలి యుండెను. ఈనాడు మనదేశమున చేయు రెండంగుళముల ఆకు ఆ పాత చిత్రికలో చక్కగా ఇమిడినది. ఎప్పుడో గీచిన నమూనానే యిప్పటికిని అందఱును అనుసరించుచుండుటచే మనకు గలిగిన మేలిది. మర నడిగితినో లేదో అంగడివారి ముఖములు మారినవి. "విడిగా రాదమ్మా, మొత్తం కొనండి" అనిరి. మొత్తము కొందునన్నను ప్రయోజనము లేదు. ఆ క్రొత్తచిత్రిక మరను మా దానికి ఎక్కించి చూచితిమి, రెండు చుట్లకే బిగుసుకొనినది.

ఒక వృద్ధ వర్తకుడు మాత్రము చిత్రికను చేతికి తీసికొని పసిబిడ్డను త్రిప్పినట్లు త్రిప్పి చూచెను. ఆయన తండ్రి కాలమున ఇట్టి మరలు, చీలలు సీమనుండి వచ్చినవి డబ్బాలలో నుండెడివట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి రెండును పొంగి యూరిని ముంచినప్పుడు ఆ డబ్బాలన్నియు బురదలో కలిసినవట. "నీళ్లు తగ్గినాక ఇనుమంతా ఒక్క ముద్దయిపాయె తల్లీ. తూకానికి వేసినాం" అనెను. ఆ వరదలో ఈ యూరి గృహిణులు పోగొట్టుకొన్న చీరలు, పుస్తకములు, పెండ్లిపటములు నేనెఱుగుదును గాని, మరల డబ్బాలకై వగచినవానిని అప్పుడే చూచితిని.

నంద్యాలలో లేతుమిషను పనివారు నేర్పరులని ఆయనయే చెప్పెను. మరునాడు మావారు, నేను, మా పదేండ్ల పిల్ల బస్సెక్కితిమి. ఓర్వకల్లు రాళ్లు ఎండలో గుండ్లు పేర్చినట్లుండెను. పాణ్యము దాటిన తరువాత నల్లరేగడి వచ్చును. కర్నూలు కడప కాలువ పాఱు నేల యది. సుంకేసులవద్ద మొదలగు ఈ కాలువను 1860 ప్రాంతములలో ఒక ఆంగ్లేయ కంపెనీవారు, నీటిపాఱుదలకే గాక పడవలు నడుపుటకును త్రవ్వించిరి. 1882 లో ప్రభుత్వమువారు తీసికొనిరి. మేము పోయినప్పుడు కాలువలో నీరు లేదు. పిల్లలు అందులో బంతియాట లాడుచుండిరి.

లేతు పనివాడు ముప్పదియేండ్లవాడు. చిన్న రంపములవంటి కొలత ఆకులను మరకఱ్ఱమీద నొకటొకటిగా ఆనించి చూచి, అంగుళమునకు 24 చుట్లనెను. మావారు లెక్కల మాస్టరుగారు గదా, ఇక్కడ వారికి ఉత్సాహము వచ్చినది. మరకఱ్ఱ లావు అంగుళమున 32 పాళ్లలో 9 పాళ్లు; అనగా 7.14 మిల్లీమీటరులు. చుట్టునకు చుట్టునకు ఎడము 1.06 మిల్లీమీటరులు. మన దేశమున 1956 లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చెను. నేడు అంగళ్లలో దొరకు మరలు 6, 8, 10 మిల్లీమీటరులవి. ఈ చిత్రిక మర ఆ లోకమునకు చెందదు. అమెరికాలోనే మామూలు కొలతకు చెందదట. కంపెనీ తన కొఱకు తానే ఏర్పరచుకొన్న కొలత.

"అక్కా, దీనికి ట్యాపు యాడా దొరకదు. ఎడమ మర. ముందు ట్యాపును నేనే చేసుకోవల్ల, ఆమీద మర. అర దినం పని. దానికి బదులు, ఈ కఱ్ఱను కూడ తీసేసి, మామూలు మరతో రెండూ కొత్తవి చేసిస్తా. గంటలో అయిపోతుంది" అనెను. మావారు తల యూపిరి. నేనును ఇంచుమించు ఒప్పుకొంటిని. ఎందుకైనను మంచిదని నాయనగారికి ఫోను చేసితిని.

ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, "చేయించమ్మా, తప్పు లేదు. కానీ నా వ్రేళ్లకు మళ్లీ అక్షరాభ్యాసం చేయించాల" అనిరి. అప్పుడు నాకు అర్థమైనది. పని నడుమ ఆయన మరను చూడరు, వ్రేలు చూచుకొనును. మర వాటము మారినచో, ఆకును పైకి తీయవలెనని వ్రేలు తలచినప్పుడెల్ల అది క్రిందికి దిగి కఱ్ఱను లేపివేయును. డెబ్బదిరెండేండ్ల వయస్సున ఆ వ్రేలికి క్రొత్తచదువు చెప్పుట ఎవరి తరము? ఫోను పెట్టబోవుచు ఆయన మరియొక మాట చెప్పిరి: కడపలో తమతో పని నేర్చిన మిత్రు డొకడు ఇదే సంఖ్య చిత్రిక వాడెడివాడనియు, అతడు పోయి నాలుగేండ్లయినదనియు, పెట్టె యున్నదో లేదో తెలియదనియు. లేతు పనివాని ఫోను నంబరు వ్రాసికొని, మిషను ముట్టనీయకయే మేము లేచితిమి. అతడు కోపగింపలేదు. టీ త్రాగించి పంపెను.

ఆళ్లగడ్డలో దిగుటకు కారణము మా పిల్లకు బొమ్మలు చెక్కుట చూడవలెనని కోరిక. అచట శిల్పుల కార్ఖానాలు వరుసగా కలవు. ఏ యూరి గుడికో పోవలసిన దేవుళ్లు సగము ఱాతిలోనుండి బయటికి వచ్చి నిలుచుండిరి. ఉలులు గడియగడియకు మొద్దుబారును గనుక, కొలిమివాడు దగ్గఱనే యుండును. మా క్రొత్త ఆకును చూచి ఆయన ఆకురాతితో అంచును గీచెను. ఆకురాయి జారక కొఱికినది. "మెత్తన తల్లీ" అని పెదవి విఱిచి, అడుగకయే కొలిమిలో పెట్టెను. అంచు చెఱ్ఱీపండు రంగునకు, అయస్కాంతము అంటని వేడికి వచ్చినప్పుడు నూనెలో ముంచెను. అప్పుడది గాజువంటిది, క్రింద పడిన పగులును. అందుచే దానిని తళతళలాడునట్లు తోమి, మరల సన్ననిసెగ చూపెను. తెల్లని యుక్కుమీద ఎండుగడ్డి రంగు మెల్లగా ప్రాకి అంచునకు రాగానే తీసివేసెను. మనము పాకము చూచునట్లే. తీగపాకము ముదిరి ఉండపాకము కాకమునుపే దింపవలెను గదా! ఆయన కాసులు పుచ్చుకొనలేదు; వడ్రంగి కూతురు కమ్మరికి ఆడపడుచేనట. పంచబ్రహ్మలలో ఇనుము మనువుది, కఱ్ఱ మయునిది, రాగియు కంచును త్వష్టవి, ఱాయి శిల్పిది, బంగారము విశ్వజ్ఞునిదని మావారిలో చెప్పుకొందురు. ఇనుము, కఱ్ఱపిడి, ఇత్తడిమర యున్న చిత్రికలో అన్నదమ్ములు మువ్వురు కలిసి యున్నారని నాకు అప్పుడు తోచెను.

బస్సు మైదుకూరులో ఆగినది. బ్రహ్మంగారి మఠమునకు దారి అచటినుండియే. వీరబ్రహ్మేంద్రస్వామివారును కందిమల్లాయపల్లెలో చేతిపని చేయుచు జీవించిరని పెద్దలు చెప్పుకొందురు. పుట్టినయూరు అంత దగ్గఱ నుండగా దిగకుండుట కష్టముగనే తోచినది. వట్టిచేతులతో పోగూడదని పంతము పట్టి కూర్చుంటిని.

కడపలో ఆ యింటిని కనుగొనుటకు ఒక పూట పట్టినది. గృహిణి అరువదియైదేండ్ల ముసలమ్మ. కొడుకులిద్దఱును కువైటులో నున్నారు. ఈ జిల్లాలో ఏ వీథికి పోయినను ఆ మాట వినవచ్చును. పెద్దవాడు తండ్రివద్ద పని నేర్చెనట. అచట భవనములకు కఱ్ఱచట్రములు బిగించుచున్నాడట. "యావమ్మా నువ్వు, ఆచారి కూతురువా" అని నా గడ్డము పట్టుకొని చూచెను. అటకమీది పెట్టెను మావారు దింపిరి. తెఱచితిమి. వేపాకు ఎండి పొడియై యుండెను. ఆమె ప్రతి దసరాకు క్రొత్తాకు వేయునట. ఉలులు, బాడిసె, ఱంపము, అన్నిటి క్రింద గుడ్డలో చిత్రిక. మర యున్నది. వ్రేలానిన చోట ఇత్తడి నునుపెక్కి మెఱయుచుండెను.

తీయబోయి ఆమె కుదరలేదనెను. నేను వాటము చెప్పితిని. ఎడమమర యని తనకు నలుబదియేండ్లలో ఎవరును చెప్పలేదని ఆశ్చర్యపడెను. మర చేతిలోనికి వచ్చినది. అప్పుడు నాకు భయము కలిగినది. మా చిత్రిక బ్రతుకుటకు ఈ చిత్రిక చావవలెను గదా! ఇక్కడ విఱిగినదేమియు లేదు. పైగా కొడుకు రావచ్చును. ధర చెప్పుమని యడుగుటకు నోరు రాలేదు. చేయి చాచుటకును రాలేదు. మావారు సైతము గోడవైపు చూచుచుండిరి.

ముసలమ్మ నా సంగతి గ్రహించెను గాబోలు. "అమ్మను, ఇవ్వను. అప్పిస్తా. మా వాడు అడిగితే నువ్వు తెచ్చియ్యల్ల" అనెను. నేనొక కాగితముమీద, ఈ చిత్రిక మర ఫలానా యూరిలో ఫలానా ఆచారిగారివద్ద నున్నది, అడిగిన దినమున తిరిగి యీయబడును అని వ్రాసి, సంతకము చేసి, మర యుండవలసిన చోట మడిచి పెట్టితిని. మా పిల్ల తానును సంతకము చేసెదనని పేచీ పెట్టి చేసెను.

ఆ సాయంకాలమే నాయనగారి యింటికి చేరితిమి. ఆయన మరను చేతిలో పెట్టుకొని, "ఇది వాడిదే. వాడు బొటనవ్రేలితో తిప్పేవాడు, నేనెంత చెప్పినా వినడు" అని మాత్రమనిరి. అటకమీది తేమకు చిత్రిక అడుగున పట్టిన తుప్పును, ఆయన తెల్లవారకమునుపే లేచి, వాకిట పఱచిన కడపబండమీద నీటి ఇసుకకాగితము పెట్టి రుద్ది తీసివేసిరి. చదునైన బండకంటె ఆ పనికి మంచి యాధారము లేదు. తరువాత పాత టేకు ద్వారబంధపు కమ్మె నొకదానిని బల్లమీద పెట్టి ఒక తోపు తోసిరి. వంకర లేని పొట్టు ఉల్లిపొరవలె చుట్టుకొని వచ్చి మా పిల్ల కాళ్లమీద పడినది. రెండవ తోపునకు మునుపు ఆయన చూపుడువ్రేలు మరను తాకినది. కన్ను కమ్మెమీదనే యున్నది. నేను లోపలికి పోయి నీళ్లపొయ్యి బూడిదను మరియొకసారి జల్లించితిని. ఏమియు లేదు.

కథ ఇక్కడితో తీరలేదు, అప్పున్నది. కర్నూలు చేరిన పిమ్మట నంద్యాల పనివానికి ఫోను చేసి, అర దినము పనియైనను సరే, ఎడమమరయే చేయుమంటిని. అతడు ఉక్కుకడ్డీతో మొదట ట్యాపు చేసికొని, దానికి పదును పెట్టి, ఇత్తడి ముక్కలో మర కోసెను. రెండు చేయుమంటిని, రెండవదానికి గడియసేపే పట్టినదట. ఆ ట్యాపును పారవేయవద్దని చెప్పితిని. ఈ ప్రాంతమున ఎవరి యటకమీదనైన ఇట్టి చిత్రిక మర లేక పడియుండవచ్చును గదా.

క్రొత్తమర కొంచెము బిగువు. నాయనగారు దానిని నూనెలో రెండు దినములు త్రిప్పి త్రిప్పి లొంగదీసిరి. తొట్టె బాలసారె నాటికి సిద్ధమైనది. నాలుగు కోళ్లకు చిలుకలు చెక్కుట మాత్రము తమ్ముడు చేసెను, దానికి నాయనగారి కన్ను చాలలేదు. శ్రావణమాసమున నేనే కడపకు పోయి పాతమరను, దానితో బాటు రెండవ క్రొత్తమరను ఆ యింట నిచ్చితిని. ముసలమ్మ కాగితమును చింపక మడిచి పెట్టెలోనే యుంచెను. మరను తానే ఎక్కించెదనని, మొదట కుడికి త్రిప్పి, నా ముఖము చూచి, నవ్వి, ఎడమకు త్రిప్పెను. పుట్టినది ఆడపిల్లయా మగపిల్లవాడా యని అడిగెను. ఆడపిల్ల యంటిని.